మూడొందల నంబరు గోలీ

ఎవరైనా కౌంటరు మీద మోచెయ్యి ఆనించి "క్యూ టెన్ ఉన్నదా?" అని అడిగితే నాకు ఇప్పటికీ ముందు ఒళ్లు మండుతుంది, తరవాతే జవాబు వస్తుంది. ఆ గోలీ చేసిన పాపం ఏమీ లేదు. అడిగినవాళ్ల పాపం అంతకన్నా లేదు. నిన్న పొద్దున వచ్చినాయన డాక్టరు చీటీ కూడా పట్టుకొచ్చాడు. గుండె బలహీనంగా ఉందట, మిగతా మందులతో పాటు ఇదీ రాశారు. బుద్ధిగా ఇచ్చి పంపక "ఇంట్ల ఇంకెవలకన్న పెడ్తరా? రక్తం పల్చగయ్యే గోలీలు ఎవలన్న తింటున్రా? పక్కింటోళ్లకు పంచుతరా?" అని వరసగా అడిగాను. ఆయన బిత్తరపోయి "నాకేనమ్మా" అన్నాడు. నన్ను ఇట్లా తయారు చేసింది మా కాక.

కాక అంటే రక్తసంబంధం కాదు, మా బాపుకు దోస్తు. సిద్దిపేటలో మా మందుల షాపుకు నాలుగు దుకాణాల అవతల ఆయన బట్టల దుకాణం. దుబ్బాక నేత చీరలు, తువ్వాళ్లు, లుంగీలు. బాపు పోయి నేను షాపులో కూర్చున్నాక, రోజుకోసారి వచ్చి నా వ్యాపారం ఎట్లా చెయ్యాలో చెప్పి పోవడం ఆయన తన మీద వేసుకున్న బాధ్యత. నేను ఫార్మసీ చదివానని ఆయనకు తెలుసు. కానీ అది నాకు పెళ్లి కాకముందు పట్టిన ఒక సరదా అన్నట్టు చూసేవాడు.

ఆయనకు ఏ వస్తువునైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసే అలవాటు ఉండేది. బట్ట అంచు నలిపినట్టే పెళ్లిపత్రిక నలిపేవాడు, కరివేపాకు నలిపేవాడు, కరెంటు బిల్లు నలిపేవాడు. నేను కొత్త చీర కట్టుకుని షాపుకు వస్తే పలకరింపు కన్నా ముందు కొంగు నలిపి "మిక్స్ మాల్ బిడ్డా, నిన్ను మోసం జేసిన్రు" అనేవాడు. గోలీల పట్టీని కూడా అట్లాగే వెనక రేకు నలిపి చూసి, జేబులోంచి భూతద్దం తీసేవాడు. అంగుళంలో ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టుకునే అద్దం అది. దాంతో మందు డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలు కూడబలుక్కుని చదివి, నావైపు అనుమానంగా చూసేవాడు. ఇరవై మంది కస్టమర్లు వెనక నిలబడి ఉన్నా తొందర పడేవాడు కాదు.

"మాల్ చేతికి తెలుస్తది" అనేది ఆయన మాట. తెలియదు కాకా, గోలీ సంగతి చేతికి తెలియదు అని నేను వెయ్యిసార్లు చెప్పి ఉంటాను.

ఈ క్యూ టెన్ గోల కోమటిచెరువు కట్ట మీద మొదలైంది. అక్కడ పొద్దున్నే నడిచే పెద్దమనుషులు నడిచేది తక్కువ, ఒకరికొకరు వైద్యం చేసుకునేది ఎక్కువ. కాకకు బీపీ గోలీ, కొలెస్ట్రాల్ గోలీ ఉన్నాయి. పిక్కలు లాగుతున్నాయని అక్కడెవరితోనో అన్నాడట. ఆ మహానుభావుడు కొలెస్ట్రాల్ గోలీ వల్లే అట్లా అవుతుందనీ, క్యూ టెన్ తింటే పోతుందనీ, తన వియ్యంకుడు తిని గుర్రంలా తిరుగుతున్నాడనీ చెప్పాడు. కాక చెమట కూడా తుడుచుకోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

ఆ పెద్దమనిషి చెప్పింది అంతా తప్పు కాదు, అదే నాకు మంట. ఆ పదార్థాన్ని మన శరీరమే తయారు చేసుకుంటుంది. గుండె, కాలేయం, కండరాలు సత్తువ పుట్టించుకోవడానికి దాన్ని వాడుకుంటాయి. వయసు మీద పడ్డకొద్దీ అది తగ్గుతుంది, కొలెస్ట్రాల్ గోలీలు వేసుకునేవాళ్లలోనూ తగ్గుతుంది. అంతవరకు నిజం. బయటి నుంచి మింగితే నొప్పులు పోతాయా అంటే, పోయాయని చెప్పేవాళ్లూ ఉన్నారు, ఏమీ కాలేదనేవాళ్లూ ఉన్నారు. ఖాయంగా ఎవరూ చెప్పలేరు. ఇదంతా కాకకు చెప్పాను. ముందు డాక్టరును అడుగు అన్నాను. కొలెస్ట్రాల్ గోలీ మాత్రం ఆపొద్దు అన్నాను. పొద్దున తిన్నాక వేసుకో, నూనో నెయ్యో ఉన్న తిండితోనే అది వంటికి పడుతుంది, సాయంత్రం వేసుకుంటే కొందరికి నిద్ర పట్టదు, కడుపులో తిప్పితే నాకు చెప్పు, బీపీ ఇంకొంచెం తగ్గొచ్చు, చూపించుకుంటూ ఉండు అన్నాను.

ఆయన అంతా విని, "గిన్ని షరతులు పెట్టి అమ్ముతె నీ దుకాణం ఎట్ల నడుస్తది బిడ్డా?" అన్నాడు. నూరు మిల్లీగ్రాముల డబ్బా ఒకటి పట్టుకుపోయాడు.

రెండు వారాలకు పిక్కల నొప్పి పోయిందని ప్రకటించాడు. ఆ రెండు వారాల్లోనే అరిగిపోయిన చెప్పులు పారేసి, కొడుకు కొనిచ్చిన మెత్తటి బూట్లు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ సంగతి నేను ఎత్తితే వినపడనట్టు ఫ్యాను వైపు చూశాడు.

అప్పటి నుంచి ఆయన జేబులో భూతద్దం పక్కన గోలీల పట్టీ చేరింది. బట్టలు కత్తిరించే కత్తెరతో ఆ పట్టీని రెండేసి గోలీల చొప్పున కత్తిరించి, ఎదురైనవాళ్లకు మచ్చుకు ఇవ్వడం మొదలుపెట్టాడు. చీర ముక్క మచ్చు ఇచ్చినట్టే. తన అంగీలు కుట్టే దర్జీకి ఇచ్చాడు. మద్దూరు నుంచి తువ్వాళ్లు కొనడానికి వచ్చిన చిల్లర వ్యాపారికి ఇచ్చాడు. హుస్నాబాద్‌లో వాళ్ల తోడల్లుడు మంచాన పడితే పలకరించడానికి పోతూ, అందరూ బ్రెడ్డు, బత్తాయిలు తీసుకుపోతే ఈయన బ్రెడ్డు, బత్తాయిలు, ఆరు క్యూ టెన్ గోలీలు తీసుకుపోయాడు. తోడల్లుడికి జరిగింది హెర్నియా ఆపరేషను.

ఆ సంగతి తెలిసిన రోజు నేను షాపులోనే అరిచాను.

"ఎవలకు ఏ రోగమున్నదో, ఎవలు ఏ మందు తింటున్రో నీకు తెలుసా కాకా? పప్పుబెల్లాలు పంచినట్టు పంచుతవేంది?"

"గిది మందు గాదు బిడ్డా. డబ్బ మీద రాసున్నది, నేనే అద్దం పెట్టి సదివిన. తిండి సామాను అని ఉన్నది."

"ఉప్పు గూడ తిండి సామానే. బీపీ ఉన్నోనికి పిడికెడు పెడ్తవా?"

"ఉప్పు సంగతి వేరే" అన్నాడు. ఎట్లా వేరో చెప్పలేదు. ఆయనతో వాదన ఎప్పుడూ ఇట్లాగే ముగిసేది. గెలిచింది నేనే అని నాకు తెలిసేది, ఆయన మాత్రం గెలిచినవాడిలా నడిచి పోయేవాడు.

కొన్నాళ్లకు వచ్చి, "నూరుది గాదు, మూడొందలది ఉన్నదా?" అన్నాడు. నీకు నూరే ఎక్కువ, మూడొందలది నేను తెప్పించను, డాక్టరు చీటీ తెస్తే చూద్దాం అన్నాను. "సరె తియ్" అని పోయాడు. కాక అంత తేలిగ్గా సరే అన్నాడంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. పీడ వదిలిందనుకున్నాను.

ఇక్కడ చిన్నమ్మ గురించి చెప్పాలి. కాక భార్య. నేనెప్పుడూ చిన్నమ్మా అనే పిలుస్తాను. చాలా ఏళ్ల కింద ఆమె గుండెలో ఒక కవాటం పాడైతే హైదరాబాదులో ఆపరేషను చేసి లోహపు కవాటం పెట్టారు. అది ఉన్నవాళ్లు బతికినన్నాళ్లు రక్తం పలచగా ఉండే గోలీ వేసుకోవాలి. చిక్కబడితే కవాటం దగ్గర రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చు, మరీ పలచబడితే లోపల ఎక్కడైనా కారవచ్చు. అందుకని నెలనెలా రక్తపరీక్ష చేసి ఒక నంబరు చూస్తారు. చిన్నమ్మకు అది రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. ఆ గోలీ ఇచ్చేది నేనే. ఆ నంబరు చూసేదీ నేనే. చిన్నమ్మ దుకాణంలో కాక పక్కనే కూర్చుని రోజంతా తువ్వాళ్లు మడతపెట్టేది. ఎక్కువ మాట్లాడదు. కాక అంత మాట్లాడుతుంటే ఇంకెవరికీ సందు దొరకదు కూడా.

ఆ నెల చిన్నమ్మ నంబరు ఒకటిన్నరకు దిగింది. ఆకుకూరలు ఎక్కువ తిన్నారా అని డాక్టరు అడిగితే లేదన్నారు. గోలీలు మానేశారా అంటే లేదన్నారు. మోతాదు కొంచెం పెంచారు. పది రోజులకు మళ్లీ చూస్తే పెద్దగా పెరగలేదు. కాక ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, అంచు నలిపి, "గీ ల్యాబోని మిషినే ఖరాబున్నది" అన్నాడు. ఇంట్లో కొత్తగా ఏమైనా తింటున్నారా అని నేనూ అడిగాను. "ఏం లేదు" అన్నాడు, నా కళ్లలోకి చూస్తూనే. అబద్ధం చెప్తున్నానని ఆయన అనుకోలేదు. తిండి సామాను గురించి నేను అడుగుతున్నానని ఆయనకు తట్టలేదు.

నాలుగు రోజుల తరవాత పొద్దున పదకొండింటికి తువ్వాలు మడతపెడుతున్న చిన్నమ్మ చేతిలోంచి తువ్వాలు జారింది. మళ్లీ తీయబోతే వేళ్లు పట్టుకోలేదు. ఏమైందంటే మాట ముద్దగా వచ్చింది. ఆటోలో వేసుకుని దవాఖానకు పోయారు. సంగతి తెలియగానే నేను షట్టరు సగం దించి పరుగెత్తాను. నేను పోయేసరికి చిన్నమ్మకు మాట తిరిగి వచ్చింది, చెయ్యి కూడా ఆడుతోంది. చిన్న గడ్డ ఒకటి పోయి మెదడులో కాసేపు దారి మూసి, దానంతట అదే కరిగి ఉంటుందన్నారు. మళ్లీ అయితే ఇంత సులువుగా పోదు అని కూడా అన్నారు.

కాక వార్డు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె మందులన్నీ తెమ్మంటే తెచ్చిన గుడ్డసంచి ఒళ్లో ఉంది. నేను ఆ సంచి లాక్కుని ఒక్కొక్కటి తీసి చూశాను. అడుగున ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బా. మూడు వందల మిల్లీగ్రాముల క్యూ టెన్. కొడుకు చేత ఫోనులో ఆర్డరు పెట్టించి తెప్పించాడట.

"ఎన్ని రోజులసంది పెడుతున్నవ్ కాకా?"

"రెండు నెలలాయె."

"గుండె మందు తినేటామెకు గిది ఎందుకు పెట్టినవ్?"

"గుండెకు మంచిదని నువ్వే అంటివి గద బిడ్డా."

అన్నాను. గుండెకు పనికొస్తుందని ఆయన కాళ్లనొప్పుల గురించి మాట్లాడిన రోజు అన్నాను. అన్నీ చెప్పాను, నెయ్యి దగ్గర నుంచి నిద్ర దాకా. చిన్నమ్మకు పెట్టొద్దు అన్న ఒక్క మాట చెప్పలేదు. రక్తం పలచన చేసే గోలీ పనిని ఇది తగ్గించవచ్చని నాకు తెలుసు. చిన్నమ్మ ఆ గోలీ వేసుకుంటుందని ఊళ్లో అందరికన్నా నాకే బాగా తెలుసు. రెండింటినీ కలిపి ఆలోచించడానికి నాకు ఆ బల్ల దాకా పోవాల్సి వచ్చింది. నా మీద నాకు వచ్చిన కోపమంతా ఆయన మీద కక్కాను.

"పెట్టినవే అనుకో, మూడొందలదా? నువ్వు నూరుది తినుకుంట ఆమెకు మూడింతలు పెడ్తవా?"

కాక నావైపు అయోమయంగా చూశాడు. "మూడింతలేంది? మీ చిన్నమ్మ కమ్జోర్ గున్నది గద. నూరుది మొరటుగుంటదని, దానికి సన్నంది తెప్పిచ్చిన."

నాకు అర్థం కాలేదు. రెండోసారి చెప్తే అర్థమైంది. నూలులో నంబరు పెరిగితే పోగు సన్నబడుతుంది. ఇరవై నంబరు నూలు దుప్పటికి, నలభై తువ్వాలుకు, నంబరు నూరు దాటితే చేతిలో ఉన్నదో లేదో తెలియనంత సన్నం. పసిపిల్లల వంటికి, ముసలివాళ్ల వంటికి పెద్ద నంబరు బట్టే కావాలని యాభై ఏళ్లుగా కస్టమర్లకు చెప్తున్న మనిషి. తనది గట్టి ఒళ్లు కాబట్టి నూరు నంబరు చాలు. భార్యది నలిగిన ఒళ్లు. ఆమె కోసం అన్నిటికన్నా సన్నదాన్ని, మెత్తదాన్ని వెతికి తెప్పించాడు. రోజూ పొద్దున ఒక చెంచా నెయ్యితో తానే తినిపించాడు. నెయ్యి సంగతి మాత్రం నేను చెప్పింది చెప్పినట్టు పాటించాడు.

నవ్వాలో ఏడవాలో తెలియక అరిచాను. ఏమేం అన్నానో నాకే గుర్తు లేదు. చాలా అన్నాను. నర్సు వచ్చి బయటికి పొమ్మంది. కాక ఖాళీ సంచి అంచును వేళ్లతో నలుపుతూ కూర్చున్నాడు.

డబ్బా డాక్టరుకు చూపించాను. ఇది ఒక్కటే కారణమని గట్టిగా చెప్పలేం, కానీ కావచ్చు, ఆపేద్దాం అన్నారు. మొన్న పెంచిన మోతాదును కూడా ఇప్పుడు మళ్లీ సరిచూడాలి, లేకపోతే రక్తం మరీ పలచబడుతుంది అని వారం వారం పరీక్ష రాశారు. మొదలుపెట్టినప్పుడే కాదు, మానేసినప్పుడూ డాక్టరుకు చెప్పాల్సిన వస్తువు అది. మూడు నాలుగు వారాలకు నంబరు దారికి వచ్చింది.

ఆ తరవాత కాక చిన్నమ్మ మందుల విషయంలో నాకన్నా ఎక్కువ చాదస్తం పెట్టుకున్నాడు. తన తువ్వాలు బట్ట మీద దర్జీ చేత ఏడు జేబులు కుట్టించి ఇంట్లో గోడకు తగిలించాడు, రోజుకొక జేబు. ప్రతి నెలా పరీక్ష కాగితం తెచ్చి, తానే భూతద్దంతో చదివి, "రెండు పాయింట్ తొమ్మిది. సక్కగున్నదా బిడ్డా?" అని అడిగేవాడు. సక్కగున్నది అంటే ఆ రోజంతా ఆయన దుకాణం ముందు నుంచి పోయే ప్రతివాడికీ పలకరింపు ఉండేది. పంచడం పూర్తిగా మానేశాడు. దర్జీ అడిగితే కూడా "పొయ్యి డాక్టర్ను అడుగుపో" అని కసిరాడట.

పద్ధతిగా తన బీపీ గోలీలు, కొలెస్ట్రాల్ గోలీలు కూడా నెలనెలా నా దగ్గరే తీసుకునేవాడు. నేను ప్రతిసారీ అడిగేదాన్ని, "ఏసుకుంటున్నవా కాకా?" అని. "రోజు గదే ఆరా ఏంది నీకు? ఏసుకుంటున్న" అని విసుక్కునేవాడు. బీపీ చూస్తానంటే మాత్రం "గిరాకీ ఉన్నది, రేపొస్త" అని లేచేవాడు. ఆయన రేపు ఎన్నడూ రాలేదు. నేనూ పట్టుబట్టలేదు, ఒక మొండిమనిషితో ఎన్నని గొడవలు పడతాం.

పోయిన ఎండాకాలం దుకాణంలో చీర విప్పి చూపిస్తూ చూపిస్తూ పక్కకు ఒరిగాడు. బీపీ బాగా పెరిగి మెదడులో నరం చిట్లిందన్నారు. హైదరాబాదులో రెండు రోజులు ఉంచారు. బీపీ మందు వాడేవారా అని అక్కడ డాక్టర్లు అడిగితే కొడుకు నాకు ఫోను చేశాడు. "ఒక్క నెల తప్పలే, నేనే ఇస్తున్న" అని నేను ఒట్టేసినంత గట్టిగా చెప్పాను.

కాక దినాలు అయ్యాక చిన్నమ్మ మొదటిసారి ఒక్కతే షాపుకు వచ్చింది. ఒక చేతిలో పరీక్ష కాగితం, ఇంకో చేతిలో తువ్వాలు మూట. మూట కౌంటరు మీద పెట్టి విప్పింది. నిండా గోలీల పట్టీలు. కాక బీపీవి, కొలెస్ట్రాల్‌వి. ఒక్క రేకూ చిరగలేదు.

"దుకాణంల లుంగీల బీరువ వెనుక దాసిండు బిడ్డా. నీయే గద ఇవి?"

నావే. నేనే ఇచ్చాను, నెలనెలా.

"ఎందుకు ఏసుకోలే చిన్నమ్మా?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మొన్న నాకు ఇవి దొరికినంక యాదికొచ్చింది. నీవి ఏసుకున్నవా అని ఒకసారి అడిగితే గట్ల గాదె అన్నడు. ఇంట్ల ఒగల మందు ఇంకొగల మందు మీద పని జేస్తదని నువ్వు దవాఖానల చెప్పినవట గద. కచ్చ రంగు నూలు లడి పక్కన తెల్ల లడి పెడితే రంగు దిగినట్టు, నా దాని రంగు నీ దాని మీద దిగుతది అన్నడు. పెద్ద డాక్టర్ను అడిగి ఏసుకుంట అన్నడు. మళ్ల నెల అడిగితే, గిప్పుడు నీ నంబరు సక్కగున్నది, గిప్పుడు గెలుకొద్దు అన్నడు. అంతే, ఇగ నేను అడుగలే."

అన్నానా? అని ఉంటాను. ఆ రోజు నోటికొచ్చిందల్లా అన్నాను. రెండూ ఒకే మనిషి వేసుకుంటేనే అట్లా అవుతుందని, ఆయన గోలీ ఆయన ఒంట్లోనే ఉంటుందని, ఇంత చిన్న సంగతి విడమరచి చెప్పాలని నాకు తోచలేదు. తెలియకపోతే అడగాలని ఆయనకు తోచలేదు. ప్రతిదానికీ నా ప్రాణం తీసిన మనిషి, రోజుకోసారి వచ్చి నా కౌంటరు ముందు నిలబడ్డ మనిషి, ఈ ఒక్కటి నన్ను అడిగి ఉంటే అర నిమిషం పట్టేది. ఆయన ఎదురుగా ఉంటే అంగీ పట్టుకుని నిలదీసేదాన్ని.

"నంబరు జూడు బిడ్డా, నాకు సదువ రాదు" అని చిన్నమ్మ కాగితం ముందుకు జరిపింది.

మూడు. రెండున్నరకూ మూడున్నరకూ సరిగ్గా మధ్యలో. అన్నేళ్లలో ఎప్పుడూ అంత బాగా లేదు.

"సక్కగున్నది చిన్నమ్మా" అన్నాను.